లేయా సాక్ష్యం

బీదరు క్రైస్తవ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎండాకాలం సేవా క్యాంపుకు పోయి వచ్చినవాళ్లు ఆదివారం గుడిలో నిలబడి, అక్కడ చేసిందంతా సాక్ష్యంగా చెప్పాలి. ఆ రోజునుంచి వాళ్ల పేరు చివర అమ్మో అయ్యో చేరుతుంది. చెప్పనివాళ్లు ఎంత ఎదిగినా పిల్లలే. ఏడాదికి ఇంటికి ఒక్కరికే చోటు. ఇరవై దాటితే అదీ లేదు.

రాష్ట్రానికి ఇంకా మైసూరు అనే పేరున్న ఆ కరువు ఏడాది, నిర్ణా అనే ఊళ్లో బావి పూడిక తీయడానికి హేబ్సిబా పోవాలి. పందొమ్మిదేళ్లది, మూటకూడా కట్టుకుంది. తీరా బయలుదేరే పొద్దున చలిజ్వరం పట్టుకుంది. ఆమె మూటతోనే పదహారేళ్ల చెల్లెలు లేయా లారీ ఎక్కింది. ఆ పది రోజులూ హేబ్సిబాకు జ్వరంకంటే కడుపుమంటే ఎక్కువ.

లేయా బొబ్బలెక్కిన చేతులతో తిరిగొచ్చింది. "నలుగుర్ల నాకు మాట రాదక్కా. నువ్వు రాసియ్యి, చదువుత."

"ఏమేం చేసినవో చెప్పు మరి."

"రెండో దినమే ఏడ్చిన. కడుపునొస్తుందని అబద్ధమాడి పండుకున్న. నా మట్టి తట్ట గూడ మాతోని వచ్చిన కరుణమ్మక్కనే మోసింది."

హేబ్సిబాకు ప్రాణం లేచొచ్చింది. పనిదొంగను వచ్చే ఏడు ఎవరు పిలుస్తారు? ఆ చోటు ఇక తనదే. బొబ్బల ఊసెత్తకుండా దొంగపనులన్నీ వరసగా రాసింది.

"ఇవి గూడ చెప్పాల్నా అక్కా?"

"సాక్ష్యమంటే నిజమే గదనే," అంది మహాతల్లి.

ఆదివారం లేయా కాగితం మీంచి తలెత్తకుండా చదివింది. తట్ట సంగతి దగ్గర ఏడ్చేసింది. హేబ్సిబా నవ్వులకోసం చెవులు రిక్కించింది. ఎవరూ నవ్వలేదు. కరుణమ్మ లేచొచ్చి లేయాను కావలించుకుంది. సంఘపెద్ద అబ్బయ్య కండువాతో కళ్లొత్తుకుని అన్నాడు:

"ఇన్నేండ్ల సంది అందరు మోసిన తట్టలే లెక్కవెట్టిన్రు. మోయని తట్ట సంగతి చెప్పింది మా లేయమ్మ ఒక్కతే. వచ్చే యేడు గూడ ఆ ఇంటికెల్లి లేయమ్మనే రావాలె!"

రాసింది నేను అని అరుద్దామని హేబ్సిబా సగం లేచింది. ఎందుకు రాసినవ్ అంటే ఏం చెప్పాలి? కూలబడింది. ఏడ్చినదానికి గెలుపు, ఏడిపిద్దామనుకున్నదానికి ఓటమి. చెల్లెలి మీద ఆమెకు అంత అసూయ ఏనాడూ పుట్టలేదు.

లేయా వచ్చి పక్కనే ఇరుక్కుని కూర్చుంది. సంతోషం పట్టలేక అక్క చెయ్యి పిసికింది.

"వచ్చే యేడు గూడ నువ్వే రాసియ్యాలె అక్కా."