ఎడమవైపు గట్టు

ఆ క్షవరశాలలో రెండు కుర్చీలు, రెండు అద్దాలు, ఒకే ఒక్క సానరాయి. అన్నదమ్ములిద్దరికీ అరవై దాటినా వీధి మొత్తానికీ వాళ్ళు పెద్దోడూ చిన్నోడే. పెద్దోడు నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరి వాటా మాటలూ చిన్నోడే మాట్లాడేవాడు.

ఆ రాయి యంత్రం పోతపోసింది కాదు, కొండలోంచి తవ్వి తీసింది. పొరలు పొరలుగా ఉంటుంది కనుక పక్కల నుంచి నీళ్ళు దిగితే చీలిపోతుంది. అందుకని పక్కలకు లక్క పూసేవారు. పని కాగానే తడి తుడిచి, నీడలో ఆరబెట్టి, పాత నూలుగుడ్డలో చుట్టి పెట్టేవారు. పసిబిడ్డలకైనా అన్ని సేవలు జరగవు.

అన్నిటికన్నా దాన్ని కాపాడింది చిన్నోడి పుర్రచేతివాటం. పెద్దోడు కత్తి నూరితే రాయి కుడివైపు అరిగేది, చిన్నోడు నూరితే ఎడమవైపు. దానికిది సరిపోయి రాయి ఎప్పుడూ చదునుగానే ఉండేది. మిగతా షాపులవాళ్ళు తమ రాళ్ళను గరుకుపలక మీద రుద్దుకుంటూ చెమటలు కక్కుతుంటే చిన్నోడు మీసం మెలేసేవాడు.

"మా అన్నయ్య చెడగొడతాడు, నేను బాగుచేస్తాను. ఇంతకాలం గడిచిందంటే నా చలవే!" అనేవాడు. పెద్దోడు నవ్వి ఊరుకునేవాడు.

అలాంటి చిన్నోడు జ్వరమొచ్చి వారం తిరక్కుండా పోయాడు. అంత వాగేవాడు చివర్లో ఒక్క మాటైనా చెప్పలేదు. షాపులో ఇప్పుడు కత్తెర చప్పుడు పెద్దోడికే భయం వేసేంత గట్టిగా వినిపిస్తోంది.

ఏడాది తిరిగేసరికి కత్తి మొరాయించింది.

"అబ్బా! గడ్డం గీస్తున్నావా, కోడి ఈకలు పీకుతున్నావా?" అన్నారు మాస్టారు, చెంప పట్టుకుని. ఆయన ఆ కుర్చీలో ముప్పై ఏళ్ళుగా గురక పెట్టిన మనిషి. "ఇలాగైతే నేనింకో షాపు చూసుకోవాలిరా పెద్దోడా."

పెద్దోడు రాయి మీద ఇనుప స్కేలు నిలబెట్టి చూశాడు. కుడివైపు స్కేలు కింద సందులోంచి వెలుతురు కనిపించింది. ఎడమవైపు గట్టులా నిలబడి ఉంది. ఏడాదిగా దాని మీద బరువు పెట్టినవాళ్ళు లేరు మరి.

కత్తులకు సానపట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళాడు. వాడు తిప్పి చూసి, "అరగంట పని పెద్దయ్యా. ఎడమవైపు దించేస్తే సరి" అన్నాడు.

"దించడానికి అదేమన్నా మట్టిదిబ్బ అనుకున్నావా?"

అరిచింది తనేనని పెద్దోడికే నమ్మకం కలగలేదు. రాయిని లాక్కుని, గుడ్డలో చుట్టుకుని ఇంటిదారి పట్టాడు. తమ్ముడి బట్టలు ఎవరెవరో తీసుకున్నారు. వాడి చెయ్యి ఆనిన చోటు ఇదొక్కటే మిగిలింది. దాన్ని అరగంటలో బురదనీళ్ళు చేసి కాలవలో పొయ్యమంటే ఎలా? అలాగని వదిలేస్తే కత్తి తెగదు, షాపు మూతపడుతుంది.

రెండు రోజులు తిండి సహించలేదు. చివరికి ఒకటి తోచింది. అరగక తప్పకపోతే తమ్ముడు అరగదీసినట్టే అరగాలి. కత్తి కింద, ఎడమచేత్తో.

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ తలుపు దగ్గరగా వేసి మొదలుపెట్టాడు. అరవై ఏళ్ళు కూర్చుని తిన్న చెయ్యి, పని చెప్పగానే అలిగింది. కత్తి వెన్ను పైకి లేచిపోయేది, పదును మడతపడేది. బొటనవేలు తెగింది. మాస్టారు ఆ కట్టు చూసి, "పుర్రెకో బుద్ధి అని ఊరికే అన్నారా!" అని తల పట్టుకున్నారు. అయినా పాపం, ఇంకో షాపు మాట మళ్ళీ ఎత్తలేదు.

నెలలు గడిచాయి. ఎడమచెయ్యి దారికొచ్చింది. ఒక మధ్యాహ్నం స్కేలు పెట్టి చూస్తే ఎక్కడా వెలుతురు లేదు.

"ఒరేయ్, చూశావట్రా! సరైపోయింది!" అన్నాడు పెద్దోడు, తమ్ముడి కుర్చీ వైపు తిరిగి.

కుర్చీ ఖాళీగా ఉంది. రాయి వంక మళ్ళీ చూశాడు. చదునుగా, తడిగా, నున్నగా ఉంది. ఏది తనవైపో ఏది తమ్ముడివైపో ఇక చెప్పలేడు. సానవాడు అరగంటలో చేస్తానన్న పనిని తను ఇన్ని నెలలు, ఇంత ప్రేమగా, స్వయంగా చేశాడు. శ్మశానంలో కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. రాయి మీద కన్నీళ్ళు పడకుండా పక్కకి తిరిగి మరీ ఏడ్చాడు.

మర్నాడు మాస్టారు కుర్చీలోంచి లేచి చెంప తడుముకున్నారు.

"గీసినట్టే లేదురా! రాయి సరిచేయించావా?"

"సరైపోయింది మాస్టారూ."

ఆయన వెళ్ళాక పెద్దోడు కత్తి కడిగి, రాయి మీద నీళ్ళు చల్లాడు. కుడిచేత్తోనే నూరుతూ పోతే అది మళ్ళీ ఒకవైపుకే అరుగుతుంది. ఇక ఉన్నన్నాళ్ళూ ఇద్దరి పనీ తనే చెయ్యాలి. కాసేపు కుడిచేత్తో నూరాడు. తర్వాత కత్తిని ఎడమచేతికి మార్చుకుంటూ, మనిషికి చోటిచ్చినట్టు కాస్త పక్కకి జరిగాడు.