మూడుసార్లు మోగిన గంట

బంగారు గని మూతపడ్డ పదకొండేళ్లకు అందులో లిఫ్టు నడిపిన ఇంజను డ్రైవరు మళ్లీ కొండెక్కాడు. మనుషుల్ని గనిలోకి దించే లిఫ్టు ఇనప తాడు ఇంకా ఇంజనుకే చుట్టుకుని ఉంది. పాత ఇనుము కొనే కంట్రాక్టరు దాన్ని కోయించాలనుకున్నాడు. ఎక్కడ కోస్తే ఎటు ఎగిరి తంతుందో తెలిసినవాడు ఇతనొక్కడే కాబట్టి బతిమాలి రప్పించాడు. నేనూ వస్తానని భార్య కూడా బయల్దేరింది.

ఊరు ఊరంతా మనుషుల్లేక తలుపులు బార్లా తెరుచుకుని ఉంది. భార్య తాముండిన క్వార్టరు దాటిపోయి పక్కింటి ముందు ఆగింది. అది గనిలోనే పనిచేసిన ఆమె తమ్ముడిది. గని మూసిన వారం వాడు చెప్పాపెట్టకుండా ఎటో పోయాడని కంపెనీవాళ్లు తేల్చేశారు. ఎక్కడో చల్లగా ఉన్నాడనే ఆమె నమ్ముతూ వచ్చింది.

మిట్టమధ్యాహ్నం ఇంజను గదిలో కంట్రాక్టరు ఎదుట కూలీ గ్యాస్ కట్టర్ వెలిగించబోతుండగా గోడమీది గంట మోగింది. ఒకటి, రెండు, మూడు.

గాలికి అయ్యుంటుందన్నాడు కూలీ. గని అడుగునుంచి లాగి కొట్టే ఆ గంట తీగ ఎప్పుడో తెగి నేలమీద చుట్టచుట్టుకుని పడి ఉంది. ఇంజను డ్రైవరు చెయ్యి తనంతట తానే లీవరు మీదికి పోయింది. ఆ వెంటనే స్టూలు మీద కూలబడ్డాడు.

"మూడు కొడితే ఏంటి?" అడిగింది భార్య.

"కింద మనిషి ఎక్కాడని. పైకి లాగమని."

అప్పుడు చెప్పాడు, ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నది. ఆఖరి రోజు అందరూ పైకొచ్చేశారని పుస్తకంలో రాశాక, గదికి గొళ్లెం పెడుతుంటే మూడు గంటలు వినబడ్డాయి. ఉత్త లిఫ్టు లాగించి బావను ఏడిపించడం బావమరిదికి సరదా. ఈసారి వాణ్నే కాసేపు ఏడిపిద్దామని నవ్వుకుంటూ ఇంటికెళ్లాడు. పావుగంటాగి వద్దామనుకున్నవాడికి కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి తెల్లారిపోయింది, పంపులు ఆపేసిన గని అడుగంతా నీళ్లు.

ఆమె ఏడవలేదు. గని నోటి దగ్గరికెళ్లి కంచె పట్టుకుని వంగింది.

"అక్కనిరా. వచ్చాను."

లోపల్నుంచి చల్లటి గాలి తప్ప ఏమీ రాలేదు. తాడు మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దంది ఆమె. ఆమె ముఖం చూసి కంట్రాక్టరు తాడును వదిలేశాడు. మిగతా ఇనుము ఎక్కించుకుని లారీ తోలించుకుపోయాడు. ఆమె ఎక్కలేదు. మీరైనా వెళ్లండని ఆమె చెప్పినా భర్త కదల్లేదు.

తమ్ముడి ఇల్లు ఆమె ఊడ్చుకుంటూ ఉంటే అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. పొద్దు వాలుతుండగా ఆమె తలెత్తకుండానే అంది: "గుమ్మంలో నిలబడొద్దు. లోపలికన్నా రండి, బయటికన్నా పొండి."

అతను లోపలికెళ్లాడు. ఆ కొండ ఊళ్లో ఇప్పుడు ఒక్క ఇంట్లోనే పొయ్యి వెలుగుతుంది. వాళ్లిద్దరి మధ్య మాటలు మాత్రం తక్కువ.