మెకానిక్ చేతిలో టోపీ

పొగమంచులో రెండు ఎడ్లు యుద్ధవిమానాన్ని లాక్కొస్తున్నాయి. పెట్రోలు ఆదా చెయ్యాలట, గాల్లోకి లేచేటప్పుడు తప్ప ఇంజను తిప్పకూడదట; రెండో ప్రపంచయుద్ధంలో ఓడిపోతున్న ఆ జర్మన్ వైమానిక దళం ఆఖరి రోజుల గురించి మా ఆయన అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పారో! ఆయన పోయి ఏడాది కావస్తోంది, అయినా ఎడ్ల పక్కనే లుంగీ మీద పైలట్ కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని నడిచి వస్తుంటే నాకు ఆశ్చర్యం వెయ్యడం లేదు, ఒళ్ళు మండుతోంది.

"పోయాక కూడా ఈ విమానాలేనా? బతికినన్నాళ్ళూ ఆ దళం చరిత్రే రాశారు. వాళ్ళది పాపపు యుద్ధమని మీరే అన్నారు. మరెందుకండీ ఇంత మోజు?"

"మోజు కాదే ఇందుమతీ, ఆఖరి అధ్యాయం మిగిలిపోయింది" అని నవ్వుతారు.

ఎడ్లు ఆగిన చోట మంచు లేదు, కాకినాడ ఆస్పత్రి వరండా ఉంది, స్ట్రెచర్ల పక్కన విమానం నిలబడి ఉంది, ఎవరూ ఇదేమిటని అడగడం లేదు. ఆయన టోపీ తీసి నా చేతికిస్తారు. ఆ దళంలో అదే ఆనవాయితీ: ఎగిరే ముందు పైలట్ తన టోపీని మెకానిక్ చేతికిచ్చి తోలు హెల్మెట్ పెట్టుకుంటాడు, దిగాక తిరిగి తీసుకుంటాడు.

"పట్టుకో. వచ్చాక తీసుకుంటా."

ఆ రోజు ఇక్కడే ఆపరేషన్ గదిలోకి వెళ్తూ కళ్ళజోడు నా చేతిలో పెట్టి అచ్చం ఈ మాటే అన్నారు, నాతో అన్న ఆఖరి మాట అదే.

"తీసుకోరుగా! నాకు తెలుసు. ఉత్త అబద్ధాలకోరు మీరు" అని ఏడుస్తాను. "రాని పైలట్ టోపీని ఆ మెకానిక్ ఏం చేశాడో అదైనా చెప్పి వెళ్ళండి. నేనూ అదే చేస్తాను. దాచుకోవాలో, పారెయ్యాలో తెలియక చస్తున్నాను."

"నేనూ అక్కడే ఆగిపోయానే. ఎంత వెతికినా ఎవరూ రాయలేదు" అంటూ ఆయన విమానంలోకెక్కి కూర్చుంటారు. "వెళ్ళినవాణ్ణి, నాకేం తెలుస్తుంది? నిలబడ్డదానివి, నువ్వే చెప్పాలి."

చెప్పబోతాను, ఇంజను మోతలో నా మాట నాకే వినపడదు, వరండా అంతా మంచు కమ్ముకుంటుంది, టోపీ మాత్రం చేతిలో వెచ్చగా ఉంటుంది.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నపు ఎండ మంచం మీదికి వచ్చింది. గుప్పిట్లో ఆయన కళ్ళజోడు ఉంది, పట్టుకునే నిద్రపోయినట్టున్నాను. ఏడాదిగా నేనెవర్నీ తుడవనివ్వని ఆయన వేలిముద్ర ఎడమ అద్దం మీద అలాగే ఉంది. కాడలు వెచ్చగా ఉన్నాయి.

ఆ మెకానిక్ ఏమీ చేసి ఉండడు. పట్టుకునే ఉండి ఉంటాడు.