ఇద్దరికీ ఒకే తాళం

స్విచ్ పిడికి తాళం వేలాడుతుంటే దాన్నెవరూ తాకకూడదు. లోపల మనిషి ఉన్నాడని, స్విచ్ వేస్తే కరెంటుకు చస్తాడని దాని అర్థం. ఎవరి తాళం వాళ్లే తగిలించాలి, బయటికొచ్చాక వాళ్లే తీయాలి. కంపెనీ పిసినారితనం కొద్దీ ఇద్దరికీ ఒకటే ఇచ్చింది. ఫిట్టరూ, ఆమె తమ్ముడూ ఆ ఒక్కటే తగిలించి సోలార్ ప్లాంటు ట్రాన్స్‌ఫార్మర్ గదిలోకి దూరారు. బోల్టు తక్కువైతే అక్క బయటికొచ్చింది. తాళంచెవి తమ్ముడి జేబులోనే ఉంది.

స్విచ్ దగ్గర మేనేజరు, కాపలావాళ్లు కాచుకుని ఉన్నారు. దూరంగా షామియానా కింద మంత్రి, పైదేశపు పెట్టుబడిదారులు. వాళ్ల డబ్బుతోనే పక్కన బొగ్గు ప్లాంటు లేచింది. ముందు ఈ స్విచ్ వేసి సోలార్ కరెంటు పారించాలి, ఆ తర్వాతే బొగ్గు కొలిమి రాజేసుకోవాలి, అదీ సర్కారు విధానం. గాలిని శుభ్రం చేస్తామని లోకానికిచ్చిన మాట అలా చెల్లిపోతుందట. మసి మొహానికి పౌడరు.

"నువ్వు బయటే ఉన్నావుగా, తాళం తియ్యి," అన్నాడు మేనేజరు.

"తమ్ముడు లోపలున్నాడు సార్."

"మొన్న గేటు దగ్గర బొగ్గొద్దని గొంతు చించుకున్నది నువ్వే కదూ? ఇవాళ తమ్ముడు పుట్టుకొచ్చాడా? తాళం కోసెయ్యండ్రా."

"ఒక్కసారి తొంగి చూడండి. మీ కాళ్లేం అరిగిపోవు."

కాపలావాళ్ల పెద్దని అందరూ దున్న అంటారు. వాడామె జుట్టు పట్టి స్విచ్ పెట్టెకేసి కొట్టాడు. కనుబొమ్మ చిట్లింది. ఆమె రెంచి వాడి మోకాలిచిప్ప మీద దిగింది. దున్న కూలబడ్డాడు. ఇంకొకడు లాఠీతో ఆమె కుడి ముంజేయి విరగ్గొట్టాడు. మరొకడు కట్టరు నొక్కాడు. తాళం తెగి నేల మీద పడింది.

మేనేజరు షామియానా వైపు నవ్వుతూ పిడి పట్టుకున్నాడు.

ఆమె ఎడంచేత్తో రెంచి అందుకుంది. పిడి మీదా, దాన్ని పట్టుకున్న వేళ్ల మీదా కలిపి కొట్టింది. మళ్లీ కొట్టింది. పిడి ఊడిపోయింది. మేనేజరు గావుకేక పెట్టాడు. ఆమెను కింద పడేసి పక్కటెముకల్లో బూట్లతో తన్నారు.

గది తలుపు కిర్రుమంది. ఒళ్లంతా గ్రీజుతో తమ్ముడు బయటికొచ్చాడు.

"బోల్టుకని పోయి నిద్రపోయావా అక్కా..."

బూట్లు ఆగిపోయాయి.

"చూసుకోండి," అంది ఆమె, నెత్తురు ఉమ్మి. "వీడే."

తమ్ముడు తెగిన తాళాన్ని చూశాడు. అక్క చేతిని చూశాడు. వంగి రెంచి తీసుకున్నాడు.

మేనేజరు తన రెండో చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు.