తప్పుమెట్ల మేస్త్రీ

చచ్చిపోతే చాలు, మనిషికి ఎక్కడలేని మంచితనం వచ్చిపడుతుంది. మా తాతయ్య పోయి నెలైన రోజున మామయ్య మేడమీద గదిలో సంస్మరణ సభ పెట్టాడు. అద్దె కుర్చీలు ముప్పై, అద్దె మైకు ఒకటి. నలభై ఏళ్లు గోడలు కట్టిన తాపీమేస్త్రీ గురించి మాట్లాడటానికి గోడకి మేకు కొట్టడం కూడా చేతకానివాళ్లంతా వచ్చి కూర్చున్నారు. ఆయన ఫొటోని సైతం వంకరగా తగిలించారు. రసమట్టం పెట్టి చూడందే దేన్నీ చదునని ఒప్పుకోని మనిషి, ఆ వంకర ఫొటోలోంచే అందరినీ చూస్తున్నాడు.

వచ్చిన ప్రతివాళ్లూ మా ఇంటి మెట్ల దగ్గర తూలారు. అందులో వింతేమీ లేదు. ఎక్కడైనా మెట్టు ఏడంగుళాలు ఉంటుంది, కాళ్లు దానికి అలవాటు పడతాయి. మా మెట్లు మరీ పొట్టి. అలవాటు కొద్దీ పాదం ఎత్తి వేస్తే మెట్టు అనుకున్నంత పైన ఉండదు, ఒళ్లు ఝల్లుమంటుంది. పదిహేడు మెట్లతో పోయేదానికి ఇరవై ఆరు మెట్లు. ముందుగది సగం వాటికే సరిపోయింది. వీధిలో ఆయన్ని తప్పుమెట్ల మేస్త్రీ అనేవాళ్లు, మొహం మీదే.

అంతకుముందు నిటారు మెట్లుండేవట. తాతయ్య వాటిని పడగొట్టి ఈ కొత్తవి కట్టిన ఏడాది నాకు ఐదేళ్లు. ఇదేంటి నాన్నా ఇలా కట్టావని మామయ్య అడిగితే, "లెక్క తప్పిందిరా" అని తల తిప్పుకున్నాడట. ఆ ముక్క మామయ్య వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు.

మొదట తాతయ్యకి పనులిచ్చిన కంట్రాక్టరు మైకు అందుకున్నాడు. బతికున్నన్నాళ్లూ తాతయ్యకి కూర్చోమని ఒక స్టూలు చూపించని పెద్దమనిషి. ఆయన కట్టిన గోడలో వెంట్రుక దూరదన్నాడు, ఆయన నాకు తండ్రిలాంటివాడన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి చేతిరుమాలు తీశాడు గానీ దానికి పనేమీ పడలేదు.

"మేస్త్రీ చేసిన తప్పంటూ ఉంటే ఒక్కటే. అది మీరంతా ఇప్పుడే ఎక్కొచ్చారు!" అన్నాడు.

గదంతా గొల్లున నవ్వింది. వాళ్లకి అతను చెప్పని సంగతి ఒకటుంది. ఆ మెట్లు చూసిన తర్వాత ఈ కంట్రాక్టరే తాతయ్యకి మెట్లపని ఇవ్వడం మానేశాడు. ఊళ్లో సగం మేడలకి మెట్లు కట్టిన మనిషి ఆ తర్వాత గోడలకీ పూతలకీ తప్ప పనికిరాకుండా పోయాడు. ఇంకొకడు కట్టే మెట్లు చూడటానికి మాత్రం రోజూ పని అయ్యాక ఆగేవాడు.

తర్వాత మామయ్య. గొంతు సవరించుకుని, "నాన్న చేసిన ఒక్క తప్పూ సరిదిద్దడమే మనం ఆయనకిచ్చే గౌరవం" అన్నాడు. చప్పట్లు. తండ్రి పేరు నిలబెట్టడానికి తండ్రి కట్టింది పడగొట్టాలని కనిపెట్టిన మహానుభావుడు. ఇప్పుడున్న మెట్లు తీసేసి బయటివైపు ఇనుపమెట్లు పెట్టిస్తాడట, ఖాళీ అయిన చోట షాపు వస్తుందట. మనిషికి ఎంత తొందరంటే, పడగొట్టేవాళ్లిద్దరూ అప్పటికే కింద డ్రిల్లు మిషను పక్కన పెట్టుకుని టీ తాగుతున్నారు.

"నీకేం దిగుల్లేదమ్మాయ్," అన్నాడు నావైపు తిరిగి, అందరూ వినేలా. "ఇనుపమెట్లు నువ్వెక్కలేవుగా. కింద నీళ్ల మోటారు పక్కన గది ఇస్తాను. కుట్టుమిషను అక్కడ వేసుకో."

ఇరవై ఏళ్లుగా ఆ మేడగది నాది. నా ఎడమకాలు పుట్టుకతోనే సన్నం, మోకాలు సరిగ్గా వంగదు. అమ్మ పోయాక తాతయ్య నన్ను తెచ్చుకున్నాడు. కుట్టుపని నేర్చుకున్నాక కిటికీ వెలుతురు సూదిమీద పడేలా మిషను ఆయనే సర్ది పెట్టాడు. మోటారుగదికి కిటికీ లేదు. దారం నలుపో నీలమో తెలుసుకోవాలంటే వీధిలోకి రావాలి. లేచి బయటికొచ్చేశాను. మూతి ముడుచుకుందని అత్తయ్య ఎవరితోనో అనడం వినపడుతూనే ఉంది.

మెట్లమీద కూర్చున్నాను. మెడలో టేపు వేలాడుతూనే ఉంది, దర్జీదాన్ని కదా. ఉక్రోషం కొద్దీ, ఈ మహా తప్పు ఎంతో చూద్దామని పక్క మెట్టు ఎత్తు కొలిచాను. నాలుగున్నర. దాని కిందది నాలుగున్నర. ఒక్కో మెట్టూ జారుకుంటూ కొలిచాను. ఇరవై ఆరూ నాలుగున్నరే, నూలుపోగు తేడా లేదు. తప్పు ఇంత సమానంగా ఎవరికీ రాదు. నేను పాడుచేసిన జాకెట్లు చాలు దానికి సాక్ష్యం, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి.

అడుగుమెట్టు మీద అవ్వ కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు తాతయ్యకి ఇసుకా సిమెంటూ కలిపి మాలు అందించిన కూలిమనిషి, సిమెంటు తట్టలు మోసి మోసి నడినెత్తిన జుట్టు పోయింది. ఆమెని పైకి రమ్మన్నవాళ్లు లేరు.

"ఏం కొలుస్తున్నావే?"

"అన్నీ నాలుగున్నరే వస్తున్నాయవ్వా."

"రాక ఏం చేస్తాయి? ఇటుకని పక్కకి తిప్పి నిలబెడితే నాలుగున్నరే కదా. ఇటుకల ఆట మర్చిపోయావా?"

మర్చిపోయాను. ఆమె అనగానే గుర్తొచ్చింది. పెరట్లో తాతయ్య నా ముందు మూడు రకాల ఇటుకలు పేర్చేవాడు. పడుకోబెట్టిన ఇటుక ఒకటి, పక్కకి తిప్పి నిలబెట్టింది ఒకటి, ఒకదానిమీద ఒకటి పెట్టిన జంట ఒకటి. "ఎక్కు తల్లీ" అనేవాడు. మొదటిది నవ్వుతూ ఎక్కేదాన్ని. జంట ఇటుకల మీద ప్రతిసారీ పడేదాన్ని, ఆయన పట్టుకునేవాడు. నిలబెట్టిన ఇటుక మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కగలిగేదాన్ని. ఎన్ని రోజులు ఆడించాడో. మిగతా పిల్లలు మేడమీద ఆడుకుంటుంటే నన్ను మరిపించడానికి ఆడిస్తున్నాడనుకున్నాను. ఆయన కొలత తీసుకుంటున్నాడు.

ఎలా పైకెక్కానో తెలీదు. మామయ్య చేతిలో మైకు లాక్కున్నాను.

"అవి తప్పుమెట్లు కావు. తాతయ్య నా కాలు కొలిచి కట్టాడు. ఇరవై ఆరు మెట్లు, ఒక్కోటీ నాలుగున్నర అంగుళాలు. కావాలంటే ఇదిగో టేపు, ఎవరైనా వెళ్లి కొలుచుకోండి."

ఎవరూ లేవలేదు. కంట్రాక్టరు తన చెప్పులవైపు చూసుకున్నాడు. మామయ్య మొహం కందిపోయింది.

"అదే నిజమైతే నాన్న ఒక్కసారైనా చెప్పొచ్చుగా? లెక్క తప్పిందని ఎందుకన్నాడు?"

అవ్వ అప్పటికి మెట్లన్నీ ఎక్కి గుమ్మం పట్టుకుని నిలబడింది. డెబ్బై ఏళ్ల మనిషికి ఆయాసం కూడా రాలేదు.

"నేనూ అడిగాను నాయనా. సున్నం కొడుతూ చెప్పాడు. ఈ మెట్లెక్కే ప్రతివాడూ తూలతాడు, తూలినప్పుడల్లా ఎవరినో ఒకర్ని తిడతాడు. పిల్లకోసం కట్టానంటే ఆ తిట్లన్నీ పిల్లకి తగులుతాయి. నన్నే తిట్టుకోనీ, నా చర్మం మందం అన్నాడు."

కింద నుంచి పనివాడు అరిచాడు, "సార్, మొదలెట్టమంటారా?"

"వద్దు" అన్నది అత్తయ్య. ఆ మెట్లని అందరికంటే ఎక్కువ తిట్టింది ఆవిడే. మోకాళ్ల నొప్పులొచ్చిన ఈ మూడేళ్లూ మేడమీదికి బట్టలు ఆరెయ్యడానికి రోజూ వాటిమీదే తిరుగుతోంది, ఎలా ఎక్కగలుగుతున్నానని ఒక్కనాడూ అనుకోలేదు. "మిషను తీసుకుని వెళ్లిపొండి. మళ్లీ రావద్దు."

మామయ్య భార్య వైపు చూసి, ఫొటో దగ్గరికెళ్లి దాన్ని సరిచేయబోయాడు. ఇంకా వంకర చేశాడు.

జనం దిగారు. దిగుతూ తూలినవాళ్లు తూలుతూనే ఉన్నారు గానీ ఈసారి ఎవరి నోటా తిట్టు రాలేదు. వాళ్లందర్నీ ఇంతసేపూ ఎగతాళి చేశాను కదా, ఇక నా సంగతి చెప్పాలి. నేను ఆ మెట్లమీద ఒక్కసారీ తూలలేదు. ఎందుకు తూలనో ఒక్కసారీ ఆలోచించలేదు. పదమూడేళ్లప్పుడు స్నేహితురాళ్లు ఇంటికొచ్చి, ఈ మెట్లేంటే ఇలా ఉన్నాయని నవ్వితే, నా కాలి గురించి ఎక్కడ అడుగుతారోనన్న భయంతో, "మా తాతయ్యకి లెక్కలు రావులే" అని వాళ్లకంటే గట్టిగా నవ్వాను. ఆయన కిందమెట్టు మీద కూర్చుని తాపీ కడుక్కుంటున్నాడు. తలెత్తి నా స్నేహితురాళ్లతో, "అవునమ్మా, రావు" అన్నాడు.