ఒక ఆటకి ఒకటే కర్ర

నార్బర్ట్ వాండెహైకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి, నోరు ఆ తర్వాత లేస్తుంది. బల్ల మీద బంతుల్ని కర్రతో కొట్టి ఆడే పూల్ లీగు కొత్త సీజన్ మొదలైన ఆదివారం, డోరీన్ బార్ వెనకగదిలో కెప్టెన్లందరూ కూర్చున్నప్పుడు మాత్రం రెండూ ఒక్కసారే పనిలోకి దిగాయి.

"పూల్ ఆడ్డానికొస్తున్నాడా, చేపలు పట్టడానికొస్తున్నాడా వాడు?" అని బల్ల మీద చరిచాడు. "భుజాన ఆ సంచీ ఏంటి, అందులో అన్ని కర్రలేంటి? మెల్లగా కొట్టడానికొకటి, గట్టిగా కొట్టడానికొకటి. ఇక ఆ పొట్టికర్ర ఉంది చూశారూ, చీపురుకట్టంత లేదు, దాంతో తెల్లబంతిని కప్పని ఎగరేసినట్టు ఎగరేస్తాడు. మన రోజుల్లో బంతి అడ్డమొస్తే బల్ల అంచుకి కొట్టి తిప్పుకునేవాళ్లం. అదీ ఆటంటే!"

"నేనిక్కడే ఉన్నానండీ," అన్నాడు ఎదురుగా కూర్చున్న మెంగ్ థావ్.

"ఉంటే ఉండు. నీ గురించే చెప్తున్నా."

అందరూ నవ్వారు. మెంగ్ కూడా నవ్వాడు. నది అవతలి జట్టుకి కెప్టెన్ అతను, ముప్పై దాటినవాడు, ఓడినా గెలిచినా ముందుగా వచ్చి చెయ్యి కలిపే రకం. అసలు సంగతేమిటంటే, అంతకు ముందు వారమే, సీజన్ మొదలవకముందు సరదాగా ఆడిన ఆటలో, అతను ఆ పొట్టికర్రతో జంప్ షాట్ కొట్టి, కర్రతో కొట్టే తెల్లబంతిని అడ్డున్న బంతి మీదుగా దూకించి, నార్బర్ట్‌ని అందరి ముందూ ఓడించాడు. పేపరు మిల్లులో ముప్పై ఏళ్లు ఫోర్‌మన్‌గా పెత్తనం చేసి రిటైరైన మనిషికి, ఇంకా మాట చెల్లే చోటు ఆ లీగు ఒక్కటే మిగిలింది. అక్కడ కూడా తల వంచాల్సి వస్తే ఎలా?

"రాసుకో, డోరీన్," అన్నాడు. "మొదట పేర్చిన బంతుల్ని చెదరగొట్టడానికి వేరే కర్ర వాడుకోవచ్చు. ఆ తర్వాత ఒక ఆటకి ఒకటే కర్ర. మధ్యలో మార్చకూడదు. జంప్ కొట్టాలంటే చేతిలో ఉన్నదాంతోనే కొట్టాలి. మారిస్తే ఫౌల్."

బారు యజమానురాలు, లీగు పెద్ద కూడా అయిన డోరీన్ చేతులెత్తమంది. మెంగ్ తప్ప అందరూ ఎత్తారు. నార్బర్ట్ తన గ్లాసులోని బ్రాందీ ఒక్క గుక్కలో తాగేసి, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా బయటికొచ్చాడు.

బయట కౌంటరు దగ్గర అతని భార్య ఆర్డిస్ కూర్చుని ఉంది. తలుపు తెరిచే ఉంది కాబట్టి అంతా విన్నది. నార్బర్ట్ కెప్టెన్‌గా ఉన్న జట్టులో అందరికంటే బాగా ఆడేది ఆవిడే. ఆ మాట నార్బర్ట్ కూడా ఒప్పుకుంటాడు, కాకపోతే ఆవిడ లేనప్పుడు. ఈమధ్య ఆవిడ సంచీలోకి కూడా కర్రలు ఒక్కొక్కటే చేరాయి. రబ్బరు పిడి ఉన్న లావుది, బరువుది, తేలికది, చివరికి ఒక పొట్టికర్ర కూడా. ఈ వయసులో కుర్రాళ్లని చూసి ముచ్చటపడుతోందని నార్బర్ట్ వేళాకోళం చేసేవాడు.

"నీకూ మంచిదేలే, ఆర్డీ," అన్నాడు ట్రక్కు ఎక్కుతూ. "మోత తగ్గుతుంది."

"అవును," అని ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ తర్వాత ఆర్డిస్ ఆట పడిపోయింది. పక్కనే ఉన్న బంతులు కూడా తప్పిపోతున్నాయి. కళ్లద్దాలు మార్చుకోమన్నాడు నార్బర్ట్. పొట్టికర్ర పోయిందని బెంగ పెట్టుకున్నావా అన్నాడు. జట్టులోవాళ్లు నవ్వితే తనూ నవ్వాడు. ఆవిడ సుద్దముక్క తీసి కర్ర కొనకి రాసుకుంటూ నిలబడేది.

జనవరిలో ఒక పొద్దున, సరస్సంతా గడ్డకట్టి ఉన్న రోజుల్లో, నార్బర్ట్ వంటింట్లోకి వచ్చేసరికి ఆర్డిస్ ఊరబెట్టిన చేపల సీసాని మోకాళ్ల మధ్య బిగించుకుని మూత తీయడానికి అవస్థ పడుతోంది.

"మూతే రాకపోతే ఇక బంతులేం పడతాయి?" అన్నాడు.

సీసా జారి నేల మీద పడి పగిలింది. ఆర్డిస్ శుభ్రం చేయబోలేదు. కుర్చీలో కూర్చుని కుడిచెయ్యి బల్ల మీద పెట్టి చూపించింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ లేదు. అక్కడ గుంట పడి ఉంది. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని తిన్నవాడు, ఆ చెయ్యి అందించిన కాఫీ తాగినవాడు ఆ గుంటని చూడనే లేదు.

"ఎప్పట్నుంచి?"

"పోయినేడాది నుంచి. మిల్వాకీలో మా చెల్లెలి దగ్గరికని వెళ్లేదాన్ని చూడు, అది డాక్టరు దగ్గరికి. నరాల జబ్బట. ముందు ఈ చెయ్యి, తర్వాత ఆ చెయ్యి, ఆ తర్వాత కాళ్లు, గొంతు. మందు లేదు. అవన్నీ నువ్వు మళ్లీ అడక్కు, నేను అడిగేశాను."

నార్బర్ట్ చెవులు ఎర్రబడలేదు. తెల్లగా పాలిపోయాయి.

"మరి ఆ కర్రలన్నీ..."

"ఒక్కోసారి సన్నదాని మీద పట్టు చిక్కేది కాదు. అప్పుడు లావుది తీసేదాన్ని. బలం చాలనప్పుడు బరువుది. ఏది పట్టుకుంటే చెయ్యి ఒప్పుకుంటుందో ఆట మధ్యలోగానీ తెలిసేది కాదు. జంప్‌కైతే పొట్టిదే. దాన్ని రెండు వేళ్లతో పట్టి పొడిస్తే చాలు." చెయ్యి బల్ల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఇంకో ఏడాది లాక్కొచ్చేదాన్ని, నార్బ్."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. తిట్టినా, సీసాపెంకు తీసి మొహాన కొట్టినా అతనికి కాస్త ఊపిరాడేది. ఆవిడకి మిగిలిన ఒక్క ఏడాదిని తను బల్లగుద్ది మరీ లాక్కున్నాడు, పైగా దాని మీద బ్రాందీ తాగాడు.

"రేపే డోరీన్ దగ్గరికెళ్తా. రూలు తీయించేస్తా."

"ఏం చెప్తావ్? మా ఆవిడ చెయ్యి పడిపోతోంది, కాస్త కనికరించండి అనా?" మొదటిసారి ఆవిడ గొంతు లేచింది. "విను. నా గురించి ఎవరికైనా చెప్పావో, ఎవరైనా నన్ను చూసి జాలిపడి ఒక్క బంతి వదిలారో, ఆ రోజే మానేస్తా. ఉన్నన్నాళ్లు అందరిలాగే ఆడతా. ఓడితే ఓడతా. మాటివ్వు."

మాటిచ్చాడు. అయినా మర్నాడు డోరీన్ దగ్గరికి వెళ్లాడు. కారణం చెప్పడానికి లేదు గనక, అప్పుడు తొందరపడ్డానని, రూలు తీసేస్తే బాగుంటుందని నసిగాడు. కౌంటరు తుడుస్తున్న డోరీన్ పగలబడి నవ్వింది.

"నా బల్ల విరగ్గొట్టినంత పని చేశావు కదయ్యా! ఇప్పుడేమైంది, నువ్వు కూడా పొట్టికర్ర కొనుక్కున్నావా?"

"నవ్వకు, డోరీన్. మళ్లీ చేతులెత్తించు."

"సీజన్ మధ్యలో మార్చడానికి లేదు, నీకు తెలీదా? సెప్టెంబరుకి చూద్దాంలే."

సెప్టెంబరు. ఆ మాట విని అతను కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు. ఇంకొక్క ముక్క చెబితే డోరీన్ ఆ రాత్రికే అందరికీ ఫోన్లు చేసేది. ఆ ముక్కే నోటిదాకా వచ్చింది. ఆర్డిస్ ముఖం గుర్తొచ్చి మింగేశాడు.

మార్చిలో ఆఖరి మ్యాచ్ వచ్చింది, మెంగ్ జట్టుతోనే. మంచు కరుగుతోంది, బారు బయటంతా బురద. ఆర్డిస్ ఎడమచెయ్యి కూడా అప్పటికి మొండికేస్తోంది. ఇంట్లో చొక్కా గుండీలు పెట్టుకోవడానికే చాలాసేపు పట్టింది, సాయం చేయబోతే కసురుకుంది. వచ్చే సీజన్ ఆవిడకి ఉండదని ఇద్దరికీ తెలుసు.

చివరి ఆట తనే ఆడతానంది. ఎదురుగా మెంగ్. ఆవేళ ఆ చేతికి ఏమొచ్చిందో గానీ, తేలిక కర్ర పట్టుకుని మెల్లమెల్లగా, పక్కపక్క బంతుల్నే ఎంచుకుంటూ, ఒక్కొక్కటే బల్ల అంచున ఉన్న బొక్కల్లోకి దొర్లించింది. జట్టులోవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. దేవుడా, ఈ ఒక్కటి ఇవ్వు, ఇంకేమీ అడగను అనుకున్నాడు నార్బర్ట్. అతను చర్చికి వెళ్లి చాలా కాలమైంది.

ఇక ఆవిడ వేయాల్సింది నల్లబంతి ఒక్కటే, అది పడితే ఆట ఆవిడది. అది మూల బొక్క అంచునే కూర్చుని ఉంది, తాకితే చాలు పడిపోతుంది. కానీ మెంగ్ బంతి ఒకటి తెల్లబంతికి సరిగ్గా ముందు అడ్డంగా ఉంది. అంచుకి కొట్టి తిప్పడానికి కూడా దారి లేదు. దూకించాలి, అంతే.

ఆర్డిస్ కర్రని పైకెత్తి చూసింది. అంత పొడుగు కర్రని నిలువుగా పట్టి పొడవాలంటే వేళ్లలో బలముండాలి. మళ్లీ దించింది. మళ్లీ ఎత్తింది.

మెంగ్ తన సంచీ తెరిచి పొట్టికర్ర తీసి ఆవిడ ముందు పట్టుకున్నాడు.

"ఇది తీసుకోండి, మిసెస్ వాండెహై. మా వైపు నుంచి ఏ అభ్యంతరం లేదు. ఆఖరి మ్యాచ్ కదా, సరదాగా."

"కొట్టనీ, కొట్టనీ!" అన్నారు అతని జట్టువాళ్లు.

ఆర్డిస్ తన కర్రని గోడకానించింది. పొట్టికర్ర చేతిలోకి తీసుకుంది. డోరీన్ కౌంటరు వెనకనుంచి కేకేసింది.

"ఏమయ్యా నార్బ్! రూలు నీదే కదా. ఏమంటావ్?"

అందరూ అతని వైపు తిరిగారు. ఆర్డిస్ కూడా చూసింది. నార్బర్ట్‌కి వంటింట్లో ఇచ్చిన మాట చెవుల్లో మోగుతోంది. జాలిపడి ఒక్క బంతి వదిలితే మానేస్తా. అందరిలాగే ఆడతా. ఇప్పుడు ఊఁ అంటే ఆవిడని అందరి ముందూ తక్కువ చేసినట్టే అనుకున్నాడు. అందులో వీసమెత్తు పాత పొగరు కూడా కలిసి ఉందేమో. ఉందనే అతను తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"కుదరదు," అన్నాడు. "ఒక ఆటకి ఒకటే కర్ర."

"సొంత పెళ్లానికి కూడానా, ఏం మనిషివిరా నువ్వు!" అన్నాడెవడో వెనకనుంచి. ఆర్డిస్ పొట్టికర్రని మెంగ్‌కి తిరిగిచ్చేసింది. తన కర్ర తీసుకుని, నిలువుగా ఎత్తి, పొడిచింది. కర్ర వేళ్లలోంచి జారి బల్ల అంచుకి తగిలి నేల మీద దొర్లింది. తెల్లబంతి కాస్త కదిలి ఆగిపోయింది.

తెల్లబంతి నల్లబంతిని తాకలేదు గనక ఫౌలయింది. ఇక తెల్లబంతిని మెంగ్ ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. అతను తలెత్తకుండా తనకి మిగిలిన ఆ ఒక్క బంతిని వేశాడు, నల్లబంతిని కూడా వేశాడు. ఆ తర్వాత అలవాటు ప్రకారం వచ్చి చెయ్యి చాచాడు. ఆర్డిస్ తన చెయ్యి అందించింది. ఆ చేతిని పట్టుకోగానే మెంగ్ ముఖం మారిపోయింది. ఆ వేళ్లు తిరిగి పట్టుకోలేదు. వెంటనే వదలకుండా, రెండు చేతులతో దాన్ని కప్పి, ఆవిడ తల మీదుగా నార్బర్ట్ వైపు చూశాడు. నార్బర్ట్ చూపు తిప్పుకున్నాడు.

ట్రక్కులో కూర్చున్నాక నార్బర్ట్ చాలాసేపు ఇంజను స్టార్ట్ చేయలేదు. పక్కన ఆర్డిస్ చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది.

"నేను తీసుకున్నాను కదా, నార్బ్," అంది.

"ఏంటి?"

"ఆ కర్ర. చేతిలోకి తీసుకున్నాను. నువ్వు చూశావు."

"నువ్వే కదా, ఆర్డీ... జాలి పడొద్దన్నావు. మాట తీసుకున్నావు."

"అన్నాను. జనవరిలో అన్నాను." ఆవిడ ఏడవడం లేదు. అలిసిపోయి ఉంది. "ఆ బంతి పడ్డం చూడాలనిపించింది. అంతే. వాళ్లు జాలిపడితే పడ్డారులే అనిపించింది. నువ్వు ఊఁ అంటావనుకున్నా."

నార్బర్ట్ నోరు తెరిచాడు. వెనక్కి వెళదాం, బంతులు మళ్లీ అలాగే పేర్పిస్తా, మెంగ్ ఇంకా లోపలే ఉన్నాడు అన్నాడు. ఇంటికొక బల్ల కొనేస్తా, నీ కర్రలన్నీ గోడకి పెట్టిస్తా అన్నాడు. ఆవిడ వింటూ కూర్చుంది.

ఆర్డిస్ సీటు బెల్టు అందుకుని లాగింది. కొక్కెం దాకా తెచ్చింది. జారిపోయింది. మళ్లీ తెచ్చింది. మళ్లీ జారింది. నార్బర్ట్ స్టీరింగు మీద చేతులు బిగించుకుని, సాయం చేయబోతే కసురుకుంటుందని, ముందుకే చూస్తున్నాడు.

"నువ్వు పెట్టు, నార్బ్," అంది ఆవిడ. "నా వల్ల కావడం లేదు."