మొలకెత్తిన బొంత

మూడో బస్తాలోనూ గోనెపట్టాలే.

లారీ ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది. షాదీఖానా ఆవరణలో వందమంది చుట్టూ మూగారు. నాలుగో బస్తా కుట్టు తెంపారు. ఐదోది తెంపారు. చిరిగిన గోనెపట్టాలు, ఎలుకలు కొట్టిన చాపముక్కలు బయటపడ్డాయి.

గాజాలో ఇళ్లు కూలి చలిలో పడుకుంటున్న పిల్లల కోసం ఆదోని ఆడవాళ్లు పన్నెండుమంది రెండు నెలలు కూర్చుని అరవై బొంతలు కుట్టారు. ఒక్కో బొంత కింద ఇద్దరు పిల్లలు పడుకోవచ్చు. వాటిలో ఒక్కటి కూడా ఇప్పుడు బస్తాల్లో లేదు.

"బొంతలు పెట్టిన గదికి తాళం ఏసింది ఎవరు?" కమిటీ పెద్ద జిలాని బాషా గొంతు గోడలకు తగిలింది.

"నేనే," అంది అక్బర్‌బీ.

"తాళంచెవి?"

"నా కొంగులోనే ఉండాది."

"అయితే బొంతలు యాడికి పోయినాయి? రెక్కలొచ్చి ఎగిరిపోయినాయా?"

వెనకనుంచి ఎవరో నవ్వారు. ఇంకెవరో "పసిపిల్లోళ్ల సొమ్ము తినేదానికి నోరెట్లొచ్చిందో" అన్నారు. అరవై రెండేళ్ల అక్బర్‌బీ ఆ మాట వచ్చిన వైపు తల తిప్పింది. నలభై ఏళ్లుగా ఆ పేటలో పుట్టిన ప్రతి బిడ్డ కిందా పరిచింది ఆమె కుట్టిన బొంతే. ఇప్పుడు ఆ తల్లులే చూపు తప్పించుకున్నారు.

ఆమె చెల్లెలి కొడుకు జుబేర్ ముందుకొచ్చి భుజం మీద చెయ్యేశాడు. తల్లి పోయాక అక్బర్‌బీ ఇంట్లోనే పెరిగిన పిల్లవాడు. ఇప్పుడు కమిటీకి కార్యదర్శి.

"ఖాలాకు వయసయిపోయింది భాయ్. మతిమరుపు. తాళంచెవి ఎవరికో ఇచ్చింటాది. ఈసారికి మాఫ్ చేయండి."

మాఫ్. అక్బర్‌బీ భుజం మీది చెయ్యి తీసేసింది. చేయని తప్పుకు క్షమాభిక్షా?

"నాకు మాఫీ వద్దు," అంది. "తీసింది ఎవడో వాని పేరు ఈ షాదీఖానాలోనే, మీ అందరి ముందర నేనే చెప్తా. అంతదాకా సూది పట్టను."

ఇరవై రోజులు ఆమె సూది పట్టలేదు. వీధిలో పలకరింపులు ఆగిపోయాయి. పాలవాడు కూడా గుమ్మం దగ్గరి గిన్నెలో పాలు పోసి మాట లేకుండా పోయేవాడు. అక్బర్‌బీ ఏడవలేదు. రోజూ పొద్దున సూదిపెట్టె తెరిచి, చూసి, మూసేది.

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం నందవరం నుంచి హులిగమ్మ వచ్చింది. బొంతల లోపల పరవడానికి పాత చీరలు మోసుకొచ్చి ఇచ్చిన మనిషి. ఈసారి ఆమె చంకలో ప్లాస్టిక్ సంచి ఉంది.

"అక్కా, తలుపెయ్. ఒకటి సూపిస్తా. నవ్వొద్దు."

సంచిలోంచి తడి బొంత తీసి నేల మీద పరిచింది. ఎర్ర అంచు మూలలో, కుట్ల సందులోంచి మూడు పచ్చటి మొలకలు తల ఎత్తి ఉన్నాయి.

అక్బర్‌బీ వంగి ఆ మూలను వేళ్లతో తడిమింది.

బొంత చివరి మూల మూసేముందు మూడు జొన్నగింజలు లోపల వేసి కుట్టడం ఆమె అలవాటు. కప్పుకున్న బిడ్డ ఆకలితో పడుకోకూడదని. ఆమె తల్లి చేసేది, ఆమె చేసేది, ఆమె దగ్గర నేర్చుకున్న ఆడవాళ్లూ చేసేవాళ్లు. మగవాళ్లకు చెప్పే సంగతి కాదది. ఏ మగవాడూ ఎప్పుడూ అడగలేదు.

"యాడిది ఇది?"

"ఎమ్మిగనూరులో కొత్త లాడ్జి. జాతర కోసం తెరిసినారు. ఆడ బట్టలుతికే పని నాది. ఎవడో సాంబారు ఒలకబోసినాడు. నీళ్లలో ముంచి, చుట్టి, వేణ్నీళ్ల డ్రమ్ము పక్కన పెట్టి మర్సిపోయినా. జాతర జనం, తీరికేది? నాలుగు దినాలకు విప్పి సూస్తే బొంతకు మొలకొచ్చుండాది! నీ చెయ్యే అనుకున్యా. ప్రతి మంచం మీదా ఇయ్యే అక్కా."

"లాడ్జి ఎవరిది?"

"పేరు తెలీదు. ఆదోని సారంట. శనివారం బండి మీద వస్తాడు."

శనివారం అక్బర్‌బీ బురఖా ముసుగు దించుకుని లాడ్జి వెనక, హులిగమ్మ పక్కన నీళ్ల తొట్టి దగ్గర కూర్చుంది. పదకొండింటికి బండి ఆగింది. దిగినవాడు హెల్మెట్ తీశాడు. వాడిని చూడగానే, రెండు నెలల్లో తన కొంగులోని తాళంచెవి ఒకే ఒక్కసారి ఎందుకు చేతులు మారిందో ఆమెకు గుర్తొచ్చింది. గదిలో ఎలుకల మందు పెట్టాలన్నాడు. తాళంచెవి ఒక్క గంటలో తెచ్చిస్తానన్నాడు. మారు తాళంచెవి చేయించుకోడానికి ఆ గంట చాలు.

"లేసి పోయి కొడదామా?" అని హులిగమ్మ గుసగుసలాడింది.

"కొడితే రెండు దినాల్లో మానిపోతాది," అంది అక్బర్‌బీ. "శుక్రవారం దాకా ఆగు."

శుక్రవారం నమాజు తర్వాత షాదీఖానా నిండింది. అక్బర్‌బీయే పిలిపించింది. మాఫీ అడగడానికని అందరూ అనుకున్నారు. జుబేర్ ఆమె పక్కనే నిలబడి మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆమె బల్ల మీద బొంత పరిచింది. మొలకలు జానెడు పెరిగాయి.

"ఇదేంది?" అన్నాడు జిలాని బాషా.

"నా సంతకం." లాడ్జి నుంచి హులిగమ్మ తెచ్చిచ్చిన ఇంకో బొంత తీసి కత్తెర ఆయన చేతికిచ్చింది. "మూల కోయండి."

కోశాడు. మూడు జొన్నగింజలు బల్ల మీద దొర్లాయి. వెనకున్న ఆడవాళ్లలో గోల లేచింది. "మన బొంతే! అల్లా, మన బొంతే!"

"కడమ యాభై ఎనిమిదీ ఎమ్మిగనూరు లాడ్జిలో మంచాలమీద ఉండె. ఈ పొద్దు హులిగమ్మ అన్నీ ఎత్తి ఒక గదిలో ఏసి తాళం ఏసింది. లారీని పిలవండి. ఇదో తాళంచెవి." బల్ల మీద విసిరింది. అది గింజల మధ్య పడింది.

మోచేతి మీది పట్టు సడలింది. ఆమె చెవి దగ్గర సన్నటి గొంతు వణికింది.

"ఖాలా... ఇంటికి పోయి మాట్లాడుకుందాం. నీ కాళ్లు పట్టుకుంటా. నా పరువు..."

"నా పరువు ఈడే తీసినావు," అంది ఆమె, అందరికీ వినపడేలా.

జిలాని బాషా కుర్చీలోంచి లేచాడు. "లాడ్జి ఎవరిదమ్మా? పేరు చెప్పు."

అక్బర్‌బీ ముసుగు పైకెత్తింది. తన పక్కనున్న మొహంలోకి సూటిగా చూసింది.

"జుబేర్‌ది. నేను పెంచిన నా చెల్లెలి కొడుకు జుబేర్‌ది."